అరుణా మిల్లర్ గెలిచిన ఎన్నికలు, ఓడిన ఎన్నిక

అరుణా మిల్లర్ గురించి మన పత్రికల్లో వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం 2022 నవంబరు దగ్గరే మొదలై అక్కడే ఆగిపోతాయి. హైదరాబాదులో పుట్టిన కాట్రగడ్డ వారి అమ్మాయి అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్ (గవర్నర్ తర్వాతి పదవి) అయింది, భగవద్గీత మీద ప్రమాణం చేసింది. నిజమే, సంతోషించాల్సిందే. కానీ ఆవిడ ఓటర్ల ముందుకు మూడు రకాలుగా వెళ్లారు. రాష్ట్ర చట్టసభకు సొంత పేరుతో గెలిచారు, అమెరికా కాంగ్రెస్‌కు (అక్కడి పార్లమెంటుకు) సొంత పేరుతో పోటీ చేసి ఓడారు, రాష్ట్రమంతటా మరొకరితో కలిసి జోడీగా గెలిచారు. ఈ మూడింటినీ కలిపేస్తే ఆవిడ బలం ఎక్కడుందో, ఇక ముందు ఏం సాధించాల్సి ఉందో అర్థం కాదు.

ముందు నేపథ్యం. 1964లో పుట్టారు. తండ్రి మెకానికల్ ఇంజనీరు, ఐబీఎంలో ఉద్యోగం. 1972లో, ఏడేళ్ల వయసులో అమెరికా చేరి ముందు న్యూయార్క్ రాష్ట్రంలో పెరిగారు. మిస్సోరీలోని రోలాలో సివిల్ ఇంజనీరింగ్ చదివారు. తర్వాత మేరీల్యాండ్‌లోని మాంట్‌గమరీ కౌంటీ రవాణా శాఖలో పాతికేళ్లు పనిచేశారు. పౌరసత్వం వచ్చింది 2000లో. ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికలో మొదటి ఓటు వేశాక డెమోక్రటిక్ పార్టీలో స్థానికంగా వలంటీరు పని మొదలుపెట్టారు. అంటే పౌరసత్వం వచ్చిన పదేళ్లకు చట్టసభ సభ్యురాలయ్యారు. మనవాళ్లలో చాలామంది పౌరసత్వం రాగానే పాస్‌పోర్టు తీసుకుని ఊరుకుంటారు. ఓటరు నమోదు దాకా వెళ్లరు.

మేరీల్యాండ్ దిగువ సభలో 141 మంది డెలిగేట్లు (సభ్యులు), 47 జిల్లాలు. ఇక్కడ జిల్లా అంటే నియోజకవర్గం. ఎక్కువ జిల్లాల్లో ముగ్గురేసి సభ్యులుంటారు, ఓటరు ముగ్గురిదాకా ఎంచుకోవచ్చు. ఆవిడ నిలబడ్డ 15వ జిల్లా అలాంటిదే, మాంట్‌గమరీ కౌంటీ పడమటి భాగం. ఇలాంటి చోట కొత్త అభ్యర్థికి దారి ఎలా దొరుకుతుందంటే, ముగ్గురు పాతవాళ్లూ మళ్లీ పోటీ చేస్తుంటే తలుపు మూసుకున్నట్టే. ఒక సీటు ఖాళీ అయితే మిగిలిన ఇద్దరితో కలిసి తిరగొచ్చు, వాళ్ల ఓటర్లే మూడో ఓటు మనకు వేస్తారు. 2010లో జిల్లాలో ఒక డెలిగేట్ కౌంటీ కౌన్సిల్‌కు వెళ్లడంతో ఆ ఖాళీ వచ్చింది. 2010లో గెలిచారు, 2014లో మళ్లీ గెలిచారు. 2015లో కౌంటీ ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. మేరీల్యాండ్ శాసనసభ ఏటా 90 రోజులే కూర్చుంటుంది కాబట్టి ఉద్యోగం చేసుకుంటూ సభ్యులుగా ఉండటం అక్కడ మామూలే.

నా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ నేర్పేది 2018 ఓటమే. మన రాతల్లో దానికి ఒక వాక్యం కూడా దక్కదు.

ఆరో కాంగ్రెస్ నియోజకవర్గం ప్రతినిధి జాన్ డెలానీ అధ్యక్ష పదవికి పోటీ చేస్తానని 2017లో ప్రకటించడంతో సీటు ఖాళీ అయింది. అది పడమటి కొండల్లోని గ్యారెట్ కౌంటీ నుంచి మాంట్‌గమరీ శివార్ల దాకా సాగే పొడవాటి నియోజకవర్గం. ఇటు చివర ఇంజనీర్లు, ప్రభుత్వోద్యోగులు, అటు చివర చిన్న పట్టణాలు, పొలాలు. గుమ్మం గుమ్మం తిరిగి ఇంత పొడవును కమ్మేయలేం. టీవీ ప్రకటనలు కావాలి, వాటికి డబ్బు కావాలి. ఆవిడ ప్రత్యర్థుల్లో ఒకరు డేవిడ్ ట్రోన్, టోటల్ వైన్ దుకాణాల వ్యవస్థాపకుల్లో ఒకరు. కోటి డాలర్లకు పైగా సొంత డబ్బు పెట్టారు. అభ్యర్థి తన సొంత సొమ్ము ఎంతైనా ఖర్చు పెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 1976లోనే చెప్పింది. కానీ దాత ఇచ్చే సొమ్ముకు పరిమితి ఉంది. 2018లో ఒక వ్యక్తి ఒక కాంగ్రెస్ అభ్యర్థికి ఒక ఎన్నికకు 2,700 డాలర్లకు మించి ఇవ్వకూడదు. కోటి డాలర్లకు దీటుగా ప్రైమరీకి, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నికకు, సొమ్ము కూడగట్టాలంటే పూర్తి పరిమితి మేరకు ఇచ్చే దాతలు 3,700 మందికి పైగా కావాలి. మిల్లర్ పది లక్షల డాలర్లకు పైగా పోగుచేశారు. మొదటిసారి కాంగ్రెస్‌కు నిలబడ్డవారికి అది పెద్ద మొత్తం. అయినా సరిపోలేదు. జూన్ 26న ట్రోన్‌కు దాదాపు 40 శాతం, ఆవిడకు 31 శాతం వచ్చాయి.

పైగా ఆ పోటీ కోసం ఆవిడ చేతిలో ఉన్న డెలిగేట్ సీటు వదులుకోవాల్సి వచ్చింది. రెండు పదవులకూ ప్రైమరీ ఒకే రోజు, ఒకే మనిషి రెండింటికీ నిలబడే వీలు లేదు. అందుకే 2019 జనవరి నుంచి ఆవిడ ఏ పదవిలోనూ లేరు. అయితే సొంత పేరు మీద అంత మంది ప్రైమరీ ఓటర్లను తెచ్చుకున్న మాజీ డెలిగేట్ అన్న గుర్తింపు మిగిలింది. మూడేళ్ల తర్వాత పనికొచ్చింది అదే.

2021 డిసెంబరులో, గవర్నర్ పదవికి డెమోక్రటిక్ టికెట్ కోసం పోటీపడుతున్న వెస్ మూర్ తన జోడీగా మిల్లర్‌ను ప్రకటించారు. ఇక్కడ మేరీల్యాండ్ నిబంధన తెలియకపోతే లెక్క తప్పుతుంది. అమెరికాలో గవర్నరంటే మన ముఖ్యమంత్రి లాంటి పాలనాధికారి. మేరీల్యాండ్‌లో గవర్నర్ అభ్యర్థి, లెఫ్టినెంట్ గవర్నర్ అభ్యర్థి ప్రైమరీ నుంచే ఒకే జోడీగా నామినేషన్ వేస్తారు. బ్యాలెట్ మీద రెండు పేర్లు పక్కపక్కన, వాటికి గుర్తు పెట్టే గుండ్రం ఒక్కటే. ఒకరికి వేసి ఇంకొకరిని వదిలేయడం కుదరదు. ఇద్దరికీ కనీసం 30 ఏళ్ల వయసు, రాష్ట్రంలో ఐదేళ్లుగా నివాసం, ఓటరు నమోదు ఉండాలి. మూర్ బాల్టిమోర్ మనిషి, అంతకుముందు ఏ ఎన్నికా గెలిచింది లేదు. ఆయనకు కావాల్సింది రాష్ట్రంలోకెల్లా జనం ఎక్కువున్న మాంట్‌గమరీ కౌంటీ నుంచి, చట్టసభ తెలిసిన మనిషి. మిల్లర్ ఆ రెండూ తీర్చారు.

ఆ ఏడాది ప్రైమరీ తేదీ కూడా కదిలింది. నియోజకవర్గాల పునర్విభజన మీద కేసుల వల్ల జూన్ 28 నుంచి జూలై 19కి వెళ్లింది, నామినేషన్ గడువు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ 15 దాకా పెరిగింది. నిధులు సేకరించే స్వేచ్ఛ కూడా అందరికీ ఒకేలా లేదు. శాసనసభ సాగే 90 రోజుల్లో సభ్యులు, గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్, అటార్నీ జనరల్, కంప్ట్రోలర్ (రాష్ట్ర ఆర్థిక లెక్కలు చూసే ఎన్నికైన అధికారి) రాష్ట్ర పదవుల కోసం చందాలు వసూలు చేయకూడదు. పోటీలో ఉన్న పీటర్ ఫ్రాంకోట్ అప్పటి కంప్ట్రోలర్, ఆయన చేతులు కట్టేసినట్టే. మూర్, మిల్లర్ ఇద్దరూ అప్పుడు ఏ పదవిలోనూ లేరు కాబట్టి ఆ నిషేధం వాళ్లకు తగల్లేదు. 2018లో పోగొట్టుకున్న సీటు ఇక్కడ ఇలా కలిసొచ్చింది.

ఫలితం వెంటనే తేలలేదు. పోస్టు ఓట్లు ముందుగా లెక్కకు సిద్ధం చేసుకునే వీలు అప్పటి చట్టంలో లేదు, పోలింగు రెండు రోజులు దాటాకే లెక్కింపు మొదలైంది. మూడో రోజుకు మూర్–మిల్లర్ గెలిచినట్టు ఖాయమైంది. వాళ్లకు 32 శాతం, టామ్ పెరెజ్ జోడీకి 30 శాతం, ఫ్రాంకోట్ జోడీకి 21 శాతం. తేడా దాదాపు 15 వేల ఓట్లు. ఇంకో సంగతి, మాంట్‌గమరీ కౌంటీలో ముందున్నది పెరెజ్. ఆయనా అక్కడి వారే, ఆ కౌంటీ కౌన్సిల్లో పనిచేసినవారు. కాబట్టి మిల్లర్ తన కౌంటీని తెచ్చిపెట్టారని రాయడం తప్పు. పెరెజ్ ఆధిక్యం అక్కడ ఇంకా పెరగకుండా ఆపారని అనుకోవచ్చు, అంతకు మించి ఓట్ల లెక్క నుంచి చెప్పలేం.

నవంబరు పోటీ తేలికగా ముగిసింది. రిపబ్లికన్ ప్రైమరీలో ట్రంప్ బలపరిచిన డాన్ కాక్స్ గెలవడంతో మధ్యేవాద ఓటర్లు ఇటు వచ్చారు. మూర్–మిల్లర్‌కు 64 శాతానికి పైగా, దాదాపు 13 లక్షల ఓట్లు. 2023 జనవరి 18న ప్రమాణం చేశారు. అమెరికాలో లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికైన తొలి దక్షిణాసియా మహిళ ఆవిడే.

పక్క రాష్ట్రం వర్జీనియాతో పోల్చి చూస్తే తేడా తేటపడుతుంది. అక్కడ లెఫ్టినెంట్ గవర్నర్‌ను విడిగా ఎన్నుకుంటారు. హైదరాబాదులోనే పుట్టిన గజాలా హష్మీ 2025 జూన్‌లో ఆరుగురు పోటీపడ్డ ప్రైమరీని 28 శాతం లోపు ఓట్లతో నెగ్గి, నవంబరులో జాన్ రీడ్‌ను ఓడించారు. అది రాష్ట్రమంతా ఆవిడ సొంత పేరుకు వేసిన ఓటు. పదవి కూడా వేరు. వర్జీనియాలో లెఫ్టినెంట్ గవర్నర్ సెనేట్‌కు అధ్యక్షత వహిస్తారు, ఓట్లు సమానమైతే నిర్ణాయక ఓటు వేస్తారు. మేరీల్యాండ్‌లో ఆ అధికారం లేదు. గవర్నర్ అప్పగించిన పనే అక్కడ పదవి. గవర్నర్ ఏదీ అప్పగించకపోతే చేసేదేమీ ఉండదు.

మిల్లర్‌కు అప్పగించిన వాటిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది రోడ్డు కార్మికుల భద్రత. 2023 మార్చిలో బాల్టిమోర్ వలయ రహదారి ఐ-695 మీద పని జరిగేచోటికి కారు దూసుకెళ్లి ఆరుగురు కార్మికులు చనిపోయారు. దాని మీద వేసిన కార్యబృందానికి మిల్లర్ అధ్యక్షురాలు. అందులోంచి 2024లో చట్టం వచ్చింది. అంతకుముందు పని ప్రాంతంలో కెమెరాకు చిక్కితే ఎంత వేగానికైనా జరిమానా 40 డాలర్లే. 2024 జూన్ నుంచి 80 చేశారు. 2025 జనవరి నుంచి వేగాన్ని బట్టి 60 నుంచి 500 డాలర్ల దాకా, కార్మికులు అక్కడ ఉంటే దానికి రెట్టింపు. పాతికేళ్లు రోడ్ల శాఖలో ఉన్న ఇంజనీరు చేతికి రావలసిన పనే ఇది. ఆవిడ పనితీరు గురించి రాసేవాళ్లు ప్రమాణస్వీకారం ఫొటో కన్నా ముందు దీన్ని రాయాలి.

ఇక ముందు సంగతి. 2026లో మూర్, మిల్లర్ ఇద్దరూ మళ్లీ కలిసి పోటీ అని 2025లోనే ప్రకటించారు. మేరీల్యాండ్‌లో గవర్నర్ వరుసగా రెండు దఫాలే ఉండొచ్చు, కాబట్టి ఈసారి మూర్ గెలిస్తే 2030లో ఆ కుర్చీకి కొత్త మనిషి రావాలి. అయితే లెఫ్టినెంట్ గవర్నర్ పదవి 1970లో రాజ్యాంగ సవరణతో తిరిగొచ్చాక, అందులో ఉన్నవారెవరూ గవర్నర్‌గా ఎన్నిక కాలేదు. బ్లెయిర్ లీ తాత్కాలిక గవర్నర్‌గా ఉండి కూడా 1978 ప్రైమరీలో ఓడారు. కాథ్లీన్ కెనెడీ టౌన్సెండ్ 2002లో, ఆంథనీ బ్రౌన్ 2014లో పార్టీ టికెట్ తెచ్చుకుని రిపబ్లికన్ల చేతిలో ఓడారు. కారణం ఒకటే కాదు గానీ, పాత ప్రభుత్వం మీది విసుగు మొత్తం లెఫ్టినెంట్ మీద పడుతుంది, దాని మంచి మాత్రం గవర్నర్ ఖాతాలోకి పోతుంది.

మేరీల్యాండ్‌లో ఉంటూ ఆవిడకు గానీ ఇంకెవరికి గానీ సాయపడాలనుకునే తెలుగువారు గమనించాల్సినవి రెండున్నాయి. ప్రైమరీలో ఓటు పార్టీ పేరుతో నమోదైనవారికే. ఏ పార్టీ లేకుండా నమోదైతే గవర్నర్ ప్రైమరీ బ్యాలెట్ చేతికి రాదు, పార్టీ మార్చుకోవడానికి గడువు ఎన్నికకు 21 రోజుల ముందే ముగుస్తుంది. రెండోది చందా. రాష్ట్ర పదవి అభ్యర్థి ఒకరికి నాలుగేళ్ల ఎన్నికల చక్రంలో ఒక వ్యక్తి 6,000 డాలర్ల దాకా ఇవ్వొచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవారు ఇవ్వొచ్చు, ఓటు మాత్రం వేయలేరు. హెచ్-1బీ మీద ఉన్నవారు ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు, వేరేవారి పేరు మీద ఇప్పించడం కూడా నేరమే. సంఘం విందుల్లో చెక్కులు పోగుచేసేటప్పుడు ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడతారు. ఇచ్చిన దాత పేరు, చిరునామా, మొత్తం అభ్యర్థి లెక్కల్లోకి ఎక్కి రాష్ట్ర ఎన్నికల బోర్డు వెబ్‌సైటులో అందరికీ కనబడతాయి, అందుకని చెక్కు తీసుకునేముందే అడగాలి.