ముల్లు ఎప్పుడూ కిందే

మడపాం టోల్‌గేటు దగ్గర మా ముందు ఏడెనిమిది లారీలున్నాయి. ఫాస్టాగ్ వచ్చిన తర్వాత కూడా ఇంత వరుస ఎందుకుంటుందో నాకు అర్థం కాదు. న్యూట్రల్‌లో పెట్టి ఆగానో లేదో, కారుకు వణుకు మొదలైంది. స్టీరింగు, సీట్లు, కిటికీ అద్దాలు, వెనక సీట్లో అమ్మ పక్కనున్న కొబ్బరికాయల సంచీ, అన్నీ ఊగుతున్నాయి. ఆక్సిలరేటర్ కాస్త తొక్కితే సర్దుకుంటుంది. కాలు తీస్తే మళ్లీ అదే.

"ఆగిపోతాదేటే?" అంది అమ్మ.

నాగావళి దాటితే చాలు, అమ్మ మాట మారిపోతుంది. నలభై ఏళ్లు విశాఖలో ఉండి నేర్చుకున్న మాటంతా శ్రీకాకుళం దగ్గర వదిలేసి, పుట్టింటి మాట అందుకుంటుంది. ఆ రోజు కార్తీక సోమవారం. శ్రీముఖలింగంలో అభిషేకం చేయించాలని నెల రోజుల ముందే అనుకుంది. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరాం. ఆనందపురం, తగరపువలస, రణస్థలం అన్నీ మామూలుగానే దాటేశాం. బండి నడుస్తున్నంతసేపూ ఏమీ లేదు. ఆగితేనే గొడవ.

ఇది నాన్న 2004లో కొన్న చిన్న పెట్రోలు కారు. మూడు సిలిండర్లు, 796 సీసీ. నాన్న పోయి మూడేళ్లయింది. డాష్‌బోర్డు అరలో ఆయన రాసుకునే చిన్న డైరీ ఉంటుంది. టాంకు నింపిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు, లీటర్లు, కింద భాగహారం. రిపేరు చేయిస్తే అది కూడా. ఆ డైరీ ఆపడానికి నాకు మనసు రాలేదు. నేనూ రాస్తున్నాను. అందుకే మైలేజీ ఎంత పడిపోయిందో అంచనాగా కాదు, అంకెలతో సహా నాకు తెలుసు. ఒకప్పుడు 17 ఇచ్చేది. ఈ మధ్య ఊళ్లో తిరిగితే పది కూడా రావడం లేదు.

నరసన్నపేటలో బంకు దగ్గర మళ్లీ ఫుల్ చేయించాను. బయల్దేరేటప్పుడు ఫుల్ చేసిన దగ్గర్నుంచి 127 కిలోమీటర్లు. పట్టింది 11 లీటర్లు. ఖాళీ హైవే మీద, అరవై డెబ్బై స్పీడు దాటకుండా, ఏసీ కూడా వేయకుండా వస్తే పదకొండున్నర! లీటరు 108 దాటిన రోజుల్లో ఈ బిల్లు చూస్తే కడుపు మండింది. పైగా ఈ కారు కోసం విశాఖలో నాలుగు నెలల్లో తొమ్మిది వేలు పోశాను. మొదట ఎయిర్ ఫిల్టర్ మార్చారు. తర్వాత ఇంజెక్టర్లు క్లీన్ చేశారు. ఆ తర్వాత ఆక్సిజన్ సెన్సార్ మార్చారు. ప్రతిసారీ "ఇక చూడండి మేడం" అనేవారు. నేను చూసేదాన్ని, అదే వణుకు. "పాత బండి, అమ్మేయండి" అని చివరికొకాయన సలహా ఇచ్చారు.

బంకులో కుర్రాడు మా కారు ఊగడం చూసి, టెక్కలి వైపు కొంచెం ముందుకెళ్తే చింతచెట్టు కింద షెడ్డు ఉంటుందని చెప్పాడు. అమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది. అభిషేకం టైము దాటిపోతుందని ఆమె బాధ. దారిలో ఆగిపోతే ఏమిటని నా టెన్షన్.

షెడ్డు అంటే నాలుగు రేకులు, ఒక బల్ల, పక్కనే టీ బడ్డీ. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. నేను బానెట్ లీవరు లాగబోతుంటే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఉండమ్మా, ముందు సెప్పండి. ఎప్పట్నుంచి ఇలగుంది?"

తొమ్మిది వేలు తీసుకున్న వాళ్లలో ఒక్కరూ నన్ను ఈ మాట అడగలేదు. నేను డైరీ తీసి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని పేజీలు వెనక్కి తిప్పారు. ఏప్రిల్ దాకా పదహారు, పదిహేడు. జూన్‌లో పద్నాలుగు. ఆగస్టులో పన్నెండున్నర. మధ్యలో మే నెల పేజీలో నా చేతిరాతే ఉంది: "ఇంజన్ వేడెక్కింది. వాల్వు తీసేశారు. 350 రూపాయలు."

"ఏ వాల్వు?"

నాకు తెలియదు. ఆ రోజు ఎండలో విశాఖ ఎన్ఏడీ జంక్షన్ దగ్గర బండి పొగలు కక్కితే ఒక షెడ్డుకు తోయించాను. మన ఎండలకు ఇది అక్కర్లేదని ఏదో తీసి పక్కన పడేశారు. ఆ తర్వాత మళ్లీ వేడెక్కలేదు. అదే చెప్పాను.

"హైవేలో వచ్చేటప్పుడు ముల్లు ఎక్కడుంటాది?"

టెంపరేచర్ మీటరు ముల్లు. ఎప్పుడూ కిందే, చల్లని గీతను ఆనుకుని. మే నెల అనుభవం తర్వాత నేను ఆ ముల్లు అలా కింద ఉండటం చూసి ధైర్యంగా ఉండేదాన్ని. మేస్త్రి తల అడ్డంగా ఊపారు. అప్పుడు బానెట్ ఎత్తి, రేడియేటర్‌కు పైన వెళ్లే లావు రబ్బరు పైపును చేత్తో పట్టుకున్నారు. అలా పట్టుకునే ఉన్నారు. 127 కిలోమీటర్లు పరుగెత్తి వచ్చిన ఇంజన్ పైపు అది. చెయ్యి కాలాలి. కాలలేదు.

"థర్మోస్టాట్ తీసీసినారమ్మా. ఇంజన్ వేడే ఎక్కట్లేదు."

నాకు అర్థమైనంత మటుకు విషయం ఇదీ. పొద్దున స్టార్ట్ చేసిన చల్లని ఇంజన్‌కు కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ఎందుకంటే చల్లని లోహం మీద పెట్రోలు సరిగా ఆవిరి కాదు. వేడెక్కిందని నీళ్లలోని సెన్సార్ చెప్పాక ఆ అదనం తగ్గిస్తుంది. మేలో తీసేసిన ఆ వాల్వే థర్మోస్టాట్. అది మూసుకుని ఉన్నంతసేపూ నీళ్లు రేడియేటర్‌లోకి పోకుండా ఇంజన్‌లోనే తిరిగి త్వరగా వేడెక్కుతాయి. అది లేకపోతే నీళ్లు మొదటి నిమిషం నుంచీ రేడియేటర్‌లోకి పోతాయి. హైవే మీద గాలికి ఇంకా చల్లబడతాయి. అంటే నా కారుకు ఆరు నెలలుగా రోజంతా తెల్లవారుజామే. పొగను బట్టి పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో చెప్పేది ఆక్సిజన్ సెన్సార్. ఇంజన్ చల్లగా ఉన్నంతకాలం కంప్యూటర్ దాని మాట సరిగా వినదట. అంత ఖరీదు పెట్టి కొత్తది వేయించింది దేనికి?

మేస్త్రి ఆయిల్ స్టిక్ లాగి నా ముక్కు దగ్గర పెట్టారు. పెట్రోలు వాసన స్పష్టంగా కొట్టింది. మండని పెట్రోలు సిలిండర్ గోడల వెంట దిగి ఆయిల్లో కలుస్తోంది. అప్పటిదాకా నాకు డబ్బు గురించే బాధ. ఆ వాసన చూశాక మాత్రం భయమేసింది. నాన్న అన్నేళ్లు జాగ్రత్తగా చూసుకున్న ఇంజన్‌ను నేను ఆరు నెలల్లో అరగదీస్తున్నాను.

వణుకు సంగతి తర్వాత చూశారు. ఇంజన్ నడుస్తుండగా రబ్బరు పిడి ఉన్న పటకారుతో ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే లాగారు. ఒకటోది లాగితే ఇంజన్ ఆగిపోబోయింది. మూడోదీ అంతే. మధ్యది లాగితే తేడా ఏమీ లేదు. అంటే ఐడ్లింగ్‌లో, బండి ఆగి ఇంజన్ నడుస్తున్నప్పుడు, ఆ సిలిండర్ పనే చేయడం లేదు. ఇంజన్ ఆపి మధ్య ప్లగ్గు విప్పితే పొడి మసి, కాటుకలా వేలికి అంటుకుంది. మిగతా రెండూ నలుపే కానీ అంత కాదు. మళ్లీ స్టార్ట్ చేసి, ఇంజన్‌లోకి గాలి పోయే ఇంటేక్ వైపు వెళ్లే సన్నటి పైపు మీద చెంబుతో నీళ్లు కొద్దిగా పోశారు. ఒక్కచోట మాత్రం నీళ్లు లోపలికి పీల్చుకుపోయాయి, ఇంజన్ చప్పుడు కూడా మారింది. అక్కడ వెంట్రుకంత పగులు. "గాలి దొంగతనంగా దూరుతున్నాది," అన్నారు. ఈ పగులుకు ఖర్చు వంద రూపాయలు కూడా కాదు.

కుర్రాణ్ణి స్పేర్ల షాపుకి పంపి, ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా అరగంట కూర్చోబెట్టారు. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే ముఖం కాలిపోతుందని అమ్మకు కూడా చెప్పారు. అమ్మ అప్పటికి కోపం మరిచిపోయింది. టీ బడ్డీ ఆవిడది జలుమూరు దగ్గర ఊరట. ఇద్దరూ కలిసి ఎవరి పెద్దమ్మ ఎవరికి ఆడపడుచో తేల్చేశారు. నేను మురీలు (మరమరాలు) వేయించినవి పది రూపాయల పొట్లం కొనుక్కుని తిన్నాను. విశాఖ బీచ్ రోడ్డులో అదే పొట్లం ముప్పై.

కొత్త థర్మోస్టాట్ వచ్చింది. ఇత్తడి రంగు, బొంగరమంత. అంచు మీద 82 అని అచ్చు ఉంది, అన్ని డిగ్రీల దగ్గర అది తెరుచుకోవడం మొదలవుతుందని. మేస్త్రి దాన్ని వెంటనే బిగించలేదు. టీ బడ్డీ ఆవిడను అడిగి పాత డాల్డా డబ్బాలో నీళ్లు పెట్టించి, దాన్ని తీగతో వేలాడదీశారు. నీళ్లు కాగుతుంటే మేం నలుగురం డబ్బాలోకి వంగి చూస్తున్నాం. లోపల ఉన్న మైనం కరిగి ఉబ్బితే పుల్లను తోస్తుందని ఆయన చెబుతుండగానే ఆ చిన్న మూత నెమ్మదిగా కిందికి దిగింది. బయటికి తీసి పట్టుకుంటే కాసేపటికి మళ్లీ మూసుకుంది. దానికి వైరు లేదు, కరెంటు లేదు. "ఇది ఎందుకు తీసీసినారో!" అని అమ్మ నిజంగా బాధపడింది.

థర్మోస్టాట్ ఉండాల్సిన హౌసింగ్ విప్పితే లోపల గూడు ఖాళీ. మే నెలలో బండి అసలు ఎందుకు వేడెక్కిందో కూడా మేస్త్రి వదల్లేదు. రేడియేటర్ మూత తిప్పి చూపించారు. అడుగున రబ్బరు ఎండి పెళుసుబారింది. ఆ మూత ప్రెషర్ నిలపకపోతే నీళ్లు తొందరగా మరిగిపోతాయి, పోయిన నీళ్లు పోయినట్టే. మూత మార్చాల్సిన చోట థర్మోస్టాట్ పీకేశారన్న మాట. కొత్త మూత, కొత్త పైపు ముక్క, మూడు ప్లగ్గులు, కూలెంటు.

అన్నీ బిగించాక స్టార్ట్ చేసి, గాలి బుడగలు పోయేదాకా నడిపించి, మూత పెట్టారు. తర్వాత అందరం ముల్లు చూస్తూ నిలబడ్డాం. కదిలింది. ఆరు నెలల తర్వాత మొదటిసారి ఆ ముల్లు అడుగు గీత వదిలి పైకి రావడం చూశాను. సగానికి వచ్చింది. సగం దాటింది. నా గుండె దడదడలాడింది, మేలో చూసింది గుర్తొచ్చి. మేస్త్రి మాత్రం రేడియేటర్ వైపే చెవి పెట్టి ఉన్నారు. ఫ్యాను గిర్రున తిరిగింది. ముల్లు కాస్త వెనక్కి తగ్గి సగం దగ్గర ఆగింది. అప్పుడు ఆయన చెయ్యి తుడుచుకున్నారు. సీటు మీద పెట్టిన మంచినీళ్ల సీసాలో నీళ్లు కదలడం లేదు.

సామాన్లు కాక తన కూలి ఆరు వందలు అన్నారు. నేను వెయ్యి ఇస్తే నాలుగు వందలు వెనక్కిచ్చారు. అమ్మ బతిమాలినా తీసుకోలేదు. "ఆయిల్ మాత్రం బేగి మార్చియ్యండమ్మా, పెట్రోలు కలిసిన ఆయిల్ ఉంచకూడదు," అని రెండుసార్లు చెప్పారు. ఆ రోజు ఆయన దగ్గర ఆ గ్రేడు లేదు.

శ్రీముఖలింగం చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. అభిషేకం కుదరలేదు, మధుకేశ్వరుడి దర్శనం మాత్రం దొరికింది. ఇప్పచెట్టు కథ, ఆ రాతి పని, వంశధార ఒడ్డు, ఇవన్నీ విడిగా రాయాల్సినవి. రాత్రి టెక్కలిలో పిన్ని ఇల్లు. మర్నాడంతా అక్కడే.

తిరుగు ప్రయాణంలో మడపాం టోల్‌గేటు దగ్గర మళ్లీ లారీల వరుస. న్యూట్రల్‌లో పెట్టాను. ఇంజన్ నడుస్తోందా ఆగిందా అని అమ్మ ముందుకు వంగి అడిగింది. ఆనందపురంలో ఫుల్ చేయిస్తే 198 కిలోమీటర్లకు 12.2 లీటర్లు పట్టింది. డైరీలో 16.2 అని రాశాను, నాన్న గీసినట్టే కింద రెండు గీతలు గీశాను.

ఇంటికి చేరాక ఫోన్ చేసి మైలేజీ చెబితే మేస్త్రి సంతోషించారు. ముల్లు ఎక్కడుందని అడిగారు. సగం దగ్గరే అన్నాను.

"ఆయిల్ మార్చీసినారేటమ్మా?"

ఇంకా లేదు. రేపు పొద్దున షెడ్డు తెరవగానే వెళ్తున్నాను.