ఎమ్మావు దారిలో తోడు

లూకా సువార్త 24వ అధ్యాయంలో ఇద్దరు శిష్యులు యెరూషలేమును విడిచి ఎమ్మావు గ్రామానికి నడిచిపోతుంటారు. వారిలో ఒకరు క్లెయోఫా. రెండవవారి పేరును సువార్తికుడు చెప్పలేదు. ఉత్థాన క్రీస్తు వారిని కలుసుకొని పక్కనే నడుస్తున్నా వారు ఆయనను గుర్తుపట్టలేదు. ఆయన కూడా తానెవరో వెంటనే చెప్పలేదు, లేఖనాలనూ విప్పలేదు. మీరు దేనిని గురించి మాట్లాడుకొంటున్నారని అడిగి, ఇశ్రాయేలును విడిపించేది యేసే అనుకొన్నామన్న వారి నిరాశను మొత్తం విన్న తరువాతనే మోషే మొదలుకొని ప్రవక్తలందరి మాటలను వివరించారు.

ఆధ్యాత్మిక మార్గదర్శనం ఎలా ఉండాలో ఇంత స్పష్టంగా చూపే ఘట్టం సువార్తలలో నాకు మరొకటి కనిపించదు. అయితే మార్గదర్శి రాకముందే ఆ ఇద్దరూ ఒకరికొకరు తోడుగా ఉన్నారన్న సంగతిని మనం తరచుగా గమనించకుండా దాటిపోతాం. వారు విశ్వాసం సడలిన స్థితిలో కూడా క్రీస్తును గురించే మాట్లాడుకొంటున్నారు. ఆ సంభాషణలోకే ఆయన వచ్చి చేరారు.

మా కర్నూలు కతోలిక మేత్రాసనం (ఒక బిషప్పు పాలనలోని ప్రాంతం) 1967లో నెల్లూరు మేత్రాసనం నుండి విడివడి ఏర్పడింది. ఇక్కడి విచారణలు, అంటే ఒక్కొక్క గురువు (ఫాదర్) సేవ చేసే ప్రాంతాలు, విశాలమైనవి, ఒక్కొక్క గురువు చూసుకోవలసిన ఊళ్ళు అనేకం. గురువు అర్పించే దివ్యబలిపూజ (మాస్) దొరకని దినాలలో ఊరి ప్రార్థనను నిలబెట్టేది ఊరివారికి విశ్వాసాన్ని బోధించే ఉపదేశి, ఆయన పిలిస్తే వచ్చే నాలుగు ఇళ్ళవారు. అక్టోబరు జపమాల మాసంలో, సాయంత్రం అరుగు మీద చాప పరచి, మరియమ్మ స్వరూపం ముందు కొవ్వొత్తి వెలిగించి కూర్చున్నప్పుడు, ఒకరు "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" అని మొదలుపెట్టి సగంలో ఆగుతారు, మిగిలినవారు "పరిశుద్ధ మరియమ్మా" అని అందుకొని ముగిస్తారు. పొలంలో పని చేసి వచ్చి కళ్ళు మూతలు పడుతున్నవారిని కూడా పక్కవారి గొంతు జపంలో నిలుపుతుంది. పక్కన కూర్చున్న పిల్లవాని వేళ్ళ మధ్య పూసను పట్టించి, తన పూసతో పాటు దానినీ ఒక్కొక్కటిగా జరిపించే అవ్వ ఆ పిల్లవానికి మొదటి మార్గదర్శి అని నేను నిస్సంకోచంగా అంటాను. ఆదోని, కోసిగి వైపు నుండి మిరపకాయలు తెంపడానికి గుంటూరు జిల్లాకు సుగ్గికి (కూలిపనుల వలసకు) వెళ్ళే కుటుంబాలకు ఈ తోడు మరింత అవసరం. గుడిసెలలో నెలల తరబడి ఉండవలసినవారికి గుడి, గురువు అందుబాటులో లేకపోయినా, జపమాల చెప్పుకోవడానికి మరొక మనిషి ఉంటే చాలు.

ఒంటరి ప్రార్థన తక్కువదని నా ఉద్దేశం కాదు. గదిలోకి వెళ్ళి తలుపు వేసికొని ప్రార్థించమన్నది ప్రభువే. కానీ ఆ గదిలో ఏమి జరుగుతున్నదో ఎవరితోనూ పంచుకోకపోతే, పొడిబారిన దినాలలో దేవుడు విడిచిపెట్టాడని భయపడతాం, ఉత్సాహం పొంగిన దినాలలో మన కోరికనే దేవుని మాట అనుకొంటాం. 16వ శతాబ్దంలో స్పెయిన్ దేశపు కర్మెలు సన్యాస సభకు చెందిన పునీత సిలువ యోహానువారు, మార్గదర్శి లేక ఒంటరిగా ఉన్న ఆత్మను విడిగా పడిన నిప్పుకణికతో పోల్చారు. అది వేడెక్కదు, చల్లారుతుంది. అదే సభకు చెందిన అవిలా పునీత తెరేసమ్మగారు ప్రార్థనను కొత్తగా ఆరంభించేవారికి, అదే కోరిక గలవారితో స్నేహం చేయమని చెప్పారు. పాపసంకీర్తనం (గురువు ముందు పాపాలను ఒప్పుకోవడం) వినే, సగం చదువు చదివిన గురువుల వలన తన ఆత్మకు కలిగిన నష్టాన్ని కూడా ఆమె దాచకుండా రాశారు. కనుక భక్తిపరుడైనంత మాత్రాన ప్రతివారూ దారి చూపలేరు. పునీత ఫ్రాన్సిస్ సలేసువారు మార్గదర్శిలో ప్రేమ, జ్ఞానం, వివేకం మూడూ ఉండాలన్నారు, అలాంటివారిని ఎంతో జాగ్రత్తగా వెదకి ఎన్నుకోమన్నారు.

మంచి మార్గదర్శిని గుర్తించడానికి నాకు ఎక్కువగా ఉపకరించేది మాత్రం లొయోలా పునీత ఇగ్నాసివారి సూచన. ఆధ్యాత్మిక సాధనలు చేయించేవాడు సాధకుణ్ణి తన ఇష్టం వైపు మొగ్గించరాదని, సృష్టికర్త ఆ ఆత్మతో నేరుగా వ్యవహరించడానికి చోటివ్వాలని ఆయన ఆదేశించారు. ఎమ్మావులో ప్రభువు చేసింది కూడా అదే: ఆయన ఇంకా ముందుకు వెళ్ళబోతున్నట్టు కనబడ్డారు, వారు బలవంతపెడితేనే ఆగారు. తన మాట తప్ప మరొకటి వినవద్దని, తనను అడగకుండా ఏ నిర్ణయమూ తీసుకోవద్దని ఒత్తిడి చేసేవారికి, వారు ఎంతటి ప్రసంగీకులైనా, మన అంతరాత్మను అప్పగించకూడదు.

పాపసంకీర్తనం, ఆధ్యాత్మిక సంభాషణ రెండూ ఒకటి కావు. పాపక్షమాపణ గురువు ద్వారానే లభిస్తుంది. ప్రార్థనలో దారి చూపే వరాన్ని పవిత్రాత్మ మఠకన్యలకు, గృహస్థులకు కూడా ఇస్తుందని శ్రీసభ (కతోలిక సంఘం) బోధిస్తుంది. ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలం చివరి వారంలో పాపసంకీర్తనానికి బారులు తీరిన జనం మధ్య గురువుతో నింపాదిగా మాట్లాడడం సాధ్యం కాదు. ఏదో ఒక మామూలు వారంలో, "స్వామీ, నా ప్రార్థన గురించి మాట్లాడాలి, అరగంట సమయం ఇవ్వండి" అని అడగవచ్చు. ఏ సువార్త వాక్యం మనసును పట్టుకొన్నది, జపంలో ఎక్కడ విసుగు వచ్చింది, ఎవరిని క్షమించలేకపోతున్నాం అన్న సంగతులను దాచకుండా చెబితే సంభాషణ మొదలవుతుంది. గురువు దూరంగా ఉన్న ఊళ్ళలో ఉపదేశితోనో, విచారణలోని అనుభవజ్ఞురాలైన మఠకన్యతోనో ఈ మాటలు ఆరంభించవచ్చు, అవసరమైనప్పుడు వారే గురువు దగ్గరికి తీసుకువెళతారు.