దుకాణం మీది, డొమైన్ ఎవరిది?

లాడ్ బజార్‌లో గాజుల దుకాణం నడిపే ఒక పెద్దాయన వెబ్‌సైట్ పెళ్లిళ్ల సీజన్‌లో ఆగిపోయింది. డొమైన్, అంటే సైట్‌ను తెరవడానికి టైప్ చేసే పేరు, గడువు తీరిపోయింది. గుర్తుచేసే ఈమెయిళ్లన్నీ సైట్ తయారుచేసిన కుర్రాడికి వెళ్లాయి. అతను ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లిపోయాడు. రిజిస్ట్రేషన్ కూడా అతని పేరు మీదే ఉంది! షట్టర్ తాళంచెవి పరాయివాళ్ల జేబులో పెట్టి ఎవరైనా వ్యాపారం చేస్తారా? నాకు నిజంగా బాధేసింది.

దయచేసి డొమైన్ మీ పేరు మీద, మీరు రోజూ చూసే ఈమెయిల్‌తో తీసుకోండి. డాట్ కామ్ పేరుకు ఒకేసారి పదేళ్ల వరకు కట్టవచ్చు. గడువు దాటాక కొన్నాళ్లు వెనక్కి తెచ్చుకునే వీలుంటుంది, కానీ ఖర్చు బాగా పెరుగుతుంది. ఆ తర్వాత ఆ పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు.

అదృష్టవశాత్తూ ఆ కుర్రాడు ఫోన్ ఎత్తాడు, పేరు దక్కింది. తెరిచి చూస్తే హెచ్‌టీటీపీఎస్ (సైట్‌కూ చూసేవాళ్లకూ మధ్య వెళ్లే సమాచారాన్ని ఇతరులు చదవకుండా కాపాడే ఏర్పాటు) లేదు. అలాంటి సైట్లను క్రోమ్ 2018 జులై నుంచి ‘సురక్షితం కాదు’ అని చూపిస్తోంది. చిరునామా, ధరలు అన్నీ ఒకే పెద్ద బొమ్మలో ఉన్నాయి, ఫోన్‌లో అక్షరం కనిపించదు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి అని తెలిపే జీఐ ట్యాగ్) వచ్చిన సంగతి ఎక్కడా లేదు. కొనేవాళ్లు మొదట చూడాల్సింది అదే కదా! ఈ ఆదివారం కొత్త ఫోటోలు తీసి, ఆ మాటను మొదటి పేజీలోనే పెడుతున్నాం.