టర్బైన్ లెక్క తోక నుంచి మొదలెట్టండి

ఊకతో నడిచే 6 మెగావాట్ల ప్లాంటు అనగానే ముందు వచ్చే చర్చ ప్రెషర్ మీదే. 45 ఆటా (ప్రెషర్ కొలత, ఒక ఆటా దాదాపు మామూలు గాలి ఒత్తిడంత), 440 డిగ్రీలు చాలా, లేక 64 ఆటా, 480కి వెళ్దామా అని. 64కి వెళ్తే కిలో ఆవిరి నుంచి వచ్చే పని సుమారు 7 శాతం పెరుగుతుంది, నిజమే. కానీ టర్బైన్ తోక దగ్గర, అంటే వాడిన ఆవిరి చల్లబడి నీరయ్యే కండెన్సర్‌లో, వాక్యూమ్ 0.1 ఆటా నుంచి 0.2కి చెడితే పోయేది కూడా దాదాపు 7 శాతమే. అంటే ఖరీదైన బాయిలర్ పెట్టి సంపాదించింది తోక దగ్గర కారిపోతుంది. అందుకే లెక్క అక్కడి నుంచే మొదలెట్టాలి.

గోదావరి జిల్లాల్లో డిజైన్ వెట్ బల్బ్ (తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపే ఉష్ణోగ్రత, గాలిలో తేమ ఎక్కువైతే ఇదీ ఎక్కువ) 28 డిగ్రీలు అనుకుందాం. కూలింగ్ టవర్ దానికంటే 4 డిగ్రీలు పైన, 32 దగ్గర నీళ్లిస్తుంది. కండెన్సర్‌లో అవి 9 డిగ్రీలు వేడెక్కి 41 అవుతాయి. ట్యూబులకి అటూ ఇటూ 4 డిగ్రీల తేడా ఉంచితే ఆవిరి 45 దగ్గర నీరవుతుంది. ఆవిరి 45 దగ్గర నీరయ్యే ప్రెషరే 0.1 ఆటా. ఎవరైనా 0.08 ఇస్తామంటే వెట్ బల్బ్ ఎంత తీసుకున్నారో అడగండి. హైదరాబాద్ ఎండ వేరు, కాకినాడ ఉక్క వేరు.

ఇప్పుడు ఆవిరి. 64 ఆటా, 480 దగ్గర కిలో ఆవిరిలో సుమారు 3,370 కిలోజౌళ్లు. 0.1 ఆటా దాకా ఆదర్శంగా, అంటే ఏ నష్టమూ లేకుండా వ్యాకోచిస్తే అందులోంచి పనిగా దిగేది 1,215. ఈ సైజు టర్బైన్‌కి సామర్థ్యం 80 శాతం వేసుకుంటే దక్కేది 970. గేరుబాక్సు, జనరేటర్ నష్టాలు తీసేస్తే 915. యూనిట్‌కి 3.9 కిలోల ఆవిరి. డీఏరేటర్‌కి (బాయిలర్ నీళ్లలో కరిగిన గాలిని తీసేసే తొట్టి) మధ్యలో తీసే ఆవిరి కూడా కలిపితే గంటకి 25 టన్నులు, ఊక 7 టన్నుల చుట్టూ, కండెన్సర్‌లో తిరిగే నీళ్లు గంటకి 1,300 ఘనపు మీటర్లు. కొటేషన్లలో 'యూనిట్‌కి ఇన్ని కిలోలు' అన్న అంకె ఒక్కటే చూసి పోల్చకండి. ఆ అంకె ఏ వాక్యూమ్‌కి, డీఏరేటర్ ఆవిరి కలిపా కలపకా, జనరేటర్ టెర్మినల్స్ దగ్గరా షాఫ్ట్ దగ్గరా, ఇవి రాసి లేకపోతే దానికి అర్థం లేదు.

ఇంకో తేడా, బాయిలర్ దగ్గర అంకె, టర్బైన్ స్టాప్ వాల్వ్ (ఆవిరి టర్బైన్‌లోకి వెళ్లే చోటి వాల్వ్) దగ్గర అంకె ఒకటి కావు. దారిలో పైపులో తగ్గే ప్రెషర్, వేడి కలుపుకుని బాయిలర్‌ని 67 ఆటా, 485కి అడగాలి. ఊక తడిసి స్టాప్ వాల్వ్ దగ్గర 450కి పడితే చివరి బ్లేడుల దగ్గర తేమ ఏడున్నర నుంచి తొమ్మిది శాతం దాటుతుంది. 12 వస్తే నీటిబొట్లు బ్లేడు అంచుల్ని కొరికేస్తాయి.

ఊక బూడిదలో సిలికా ఎక్కువ కాబట్టి టర్బైన్ పాడవుతుందనేది అపోహ. ఆ బూడిద అరగదీసేది బాయిలర్ ట్యూబుల్ని. బ్లేడుల మీద పేరుకునే సిలికా బోరు నీళ్లది. ఆవిరిలో అది 0.02 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.02) దాటకూడదు. లోడు అదే ఉండి వీల్ ఛాంబర్ (టర్బైన్ మొదటి వరస బ్లేడుల తర్వాతి గది) ప్రెషర్ వారాల తరబడి మెల్లగా పెరుగుతుంటే పేరుకుంటోందని అనుమానించాలి.

వాక్యూమ్ పడిందా, ట్యూబులు విప్పేముందు అగరుబత్తి వెలిగించి ఎగ్జాస్ట్ వైపు ఫ్లాంజీలు (బోల్టులు బిగించే జాయింట్లు), వాల్వ్ గ్లాండ్ల (వాల్వ్ కాడ చుట్టూ ఉండే సీళ్లు) చుట్టూ తిప్పండి. గాలి దూరే చోట పొగ గీతలా లోపలికి లాక్కుపోతుంది.