సెమిలిగుడ దగ్గర మొదలైన వణుకు

ఒడిశాలోని కుందులి సంతలో అల్లం బస్తాలు ఎత్తుకుని, సుంకి ఘాట్ దిగి సాలూరు చేరడం నాకు వారం వారం ఉండే పని. నాది డీజిల్ పికప్, ఆటోమేటిక్ గేర్లు. మొన్న సెమిలిగుడ దగ్గర చదును రోడ్డు మీద 65 కిలోమీటర్ల వేగంలో బండి సన్నగా వణికింది. "గేర్‌బాక్సు దించాల్సిందే" అన్నాడు మేస్త్రీ. నాకు మనసొప్పలేదు.

మళ్లీ అదే వేగంలో, వెనక ఎవరూ లేనప్పుడు, యాక్సిలరేటర్ కదపకుండా ఎడమ కాలితో బ్రేకు తాకీ తాకనట్టు నొక్కాను. వణుకు చటుక్కున ఆగింది! ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించేది టార్క్ కన్వర్టర్. నిలకడైన వేగంలో దాని లోపలి క్లచ్ బిగుసుకుంటుంది. బ్రేకు తాకగానే బండి కంప్యూటర్ ఆ క్లచ్‌ను వదిలేస్తుంది. చక్రాల బ్యాలెన్స్ తప్పితే బ్రేకు తాకినంత మాత్రాన వణుకు పోదు కదా.

బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాలను చదివే స్కానర్‌లో పీ0741 కోడ్ కనిపించింది. కన్వర్టర్ క్లచ్ సరిగా పట్టడం లేదని అది చెబుతుంది, కారణం మాత్రం చెప్పదు. గేర్‌బాక్సు ఆయిల్ దింపితే ఎర్రగా ఉండాల్సింది గోధుమరంగులో, మాడు వాసనతో వచ్చింది. ఘాట్‌లో నిండు బరువుతో తిరిగి ఆయిల్ వేడెక్కడం వల్ల కావచ్చు. గేర్‌బాక్సు అడుగు పళ్లెంలోని అయస్కాంతానికి మెత్తటి బూడిదరంగు పేస్టు మాత్రమే అంటుకుంది; లోపలి భాగాలు విరిగితే కనిపించే లోహపు రేకులు లేవు. అక్కడ నా ప్రాణం కుదుటపడింది.

ఒకసారి దింపితే కన్వర్టర్‌లోని పాత ఆయిల్ అలాగే ఉండిపోతుంది. అందుకే రెండుసార్లు మార్పించాను. వణుకు బాగా తగ్గింది. వచ్చే సంతకు ముందు మూడోసారి మార్పిస్తాను.