ఎనిమిది గొంతులు, ఒకే వరుస: మా గ్రెగోరియన్ గాన సాధన వివరాలు

సెప్టెంబరు

వేసవి సెలవులు ముగిశాక జ్యూరిచ్‌లో మా పురుషుల గానబృందం మళ్లీ సాధన మొదలుపెట్టింది. ఎనిమిది మందిమి. ముగ్గురివి పై స్థాయిలో సులువుగా పలికే గొంతులు, తక్కినవాళ్లవి కింది స్వరాల్లో నిండుగా పలికేవి. ఒక్కరూ వృత్తి గాయకులు కారు. వారానికొక సాయంత్రం రెండు గంటలు కలిసి పాడతాం, ఇంట్లో ఎవరికి వారు రోజూ పావుగంట సాధన చేస్తాం. ఈసారి పెట్టుకున్న పని: క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమనకాలపు పాటలు, క్రిస్మస్ పాటలు కలిపి ఒక గంట కార్యక్రమం. అందులో ఎక్కువ భాగం గ్రెగోరియన్ గానం, అంటే అందరూ ఒకే వరుసలో పాడే కాథలిక్ చర్చి పాత లాటిన్ గానం. చివర మధ్యయుగపు పారిస్ స్వరకర్త పెరోతాన్ నాలుగు గొంతులకు కూర్చిన ‘విదేరుంత్ ఓమ్నెస్’.

కొంత కర్ణాటక సంగీతం నేర్చుకున్నాక ఈ గానం వైపు వచ్చినవాణ్ని. అదే దారిన రాదలచిన తెలుగువారు ఉంటే పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

మా పుస్తకం ‘గ్రదువాలె త్రిప్లెక్స్’. ఫ్రాన్స్‌లోని సొలేమ్ మఠం 1979లో అచ్చువేసింది. మొదటిసారి తెరిచినవారికి గజిబిజిగా ఉంటుంది గానీ, దీనికి సాటి వచ్చే పుస్తకం నాకు తెలియదు. నాలుగు గీతల మీద చదరపు స్వరాలు ఉంటాయి. వాటి పైన నల్ల సిరాలో, కింద ఎర్ర సిరాలో గీతల్లేని పాత గుర్తులు ఉంటాయి. పైవి ఫ్రాన్స్‌లోని లాన్ పట్టణపు 239వ నంబరు రాతప్రతిలోవి, కిందివి సెయింట్ గాలెన్, ఐన్సీడెల్న్ మఠాల ప్రతులలోవి. ఈ రెండు మఠాలూ మాకు రైలు దూరంలోనే ఉన్నాయి.

చదరపు స్వరాలు చెప్పేది స్వరస్థానం మాత్రమే. ఏ స్వరం మీద నిలవాలి, దేన్ని తేలిగ్గా దాటిపోవాలి అనేది పాత గుర్తులలోనే ఉంది. ఉదాహరణకు, పై నుంచి కిందికి దిగే రెండు స్వరాల జంటను క్లివిస్ అంటారు. అచ్చులో అన్ని క్లివిస్‌లూ ఒకేలా కనిపిస్తాయి. సెయింట్ గాలెన్ లేఖకుడు మాత్రం ఒకదాని పక్కన ‘సి’ అక్షరం రాస్తాడు, అంటే చెలెరితెర్, వేగంగా. ఇంకొకదాని పక్కన ‘టి’ రాస్తాడు, తెనేతె, పట్టి ఉంచమని. లేదా గుర్తు కొసన చిన్న అడ్డగీత గీస్తాడు, అక్కడా నిదానించాలి. వెయ్యేళ్ల కిందటి గురువు పక్కన కూర్చుని చెబుతున్నంత స్పష్టంగా ఉంటుంది ఇది. ఈ తేడాలను ఓపికగా పోల్చి చూపినవాడు సొలేమ్ మఠవాసి ఎజేన్ కార్దీన్. స్వరాలన్నీ సమానంగా సాగదీసి పాడే అలవాటు ఎంత మధురంగా వినిపించినా, ఆయన పరిశోధన చదివాక నేను దాన్ని అంగీకరించలేను.

అందుకే కొత్త పాట తీసుకున్నప్పుడు మొదటి అరగంట మేం పాడం. మాట చదువుతాం. ఆగమనకాలపు మొదటి ఆదివారం ప్రవేశగీతం ‘ఆద్ తే లెవావి’, అంటే నీ వైపు నా ప్రాణాన్ని ఎత్తుతున్నాను. ఏడాది పాటల వరుసలో ఇదే మొట్టమొదటిది. ముందు గద్యంలా చదువుతాం, తర్వాత ఒకే స్వరం మీద, ఆ తర్వాతే వరుసతో. మూడో మెట్టుకు వచ్చేసరికి సగం లయ దానంతట అదే కుదిరి ఉంటుంది.

అక్టోబరు

శ్రుతి సంగతి. దో, రే, మి, ఫా, సోల్, లా, సి అనేవి మన సరిగమల్లాంటి స్వరాల పేర్లు. నాలుగు గీతల మీద రాసిన ‘దో’ పియానోలోని ఏ నిర్దిష్ట మెట్టూ కాదు. పాటను ఎక్కడైనా నిలపవచ్చు. ప్రతి మోడ్‌కూ (ఈ గానంలో రాగం లాంటి స్వరవరుస) ముగింపు స్వరం ఒకటి, పాట మాటిమాటికీ వెళ్లి నిలిచే పఠన స్వరం ఒకటి ఉంటాయి. ‘ఆద్ తే లెవావి’ ఎనిమిదో మోడ్, ముగింపు సోల్, పఠన స్వరం దో. సోల్‌ను మూడు కట్టె శ్రుతి దగ్గర పెట్టుకున్నాం. దాంతో పఠన స్వరం ఆరు కట్టె దగ్గర పడింది, పై గొంతులకూ కింది గొంతులకూ ఇబ్బంది లేదు. మేం ఏ మోడ్ పాడినా పఠన స్వరాన్ని దాదాపు అక్కడే ఉంచుతున్నాం. కార్యక్రమమంతా ఒకదాని వెంట ఒకటి పాడినా గొంతు అలసిపోదు.

రాగాలు తెలిసినవారు స్వరాల పట్టిక చూసి వెంటనే గుర్తుపడతారు. రే మీద ముగిసే మొదటి మోడ్‌లోని స్వరాలు ఖరహరప్రియవి. మి మీద ముగిసే మూడోది తోడి, ఫా మీద ముగిసే అయిదోది కల్యాణి, సోల్ మీద ముగిసే ఏడోది హరికాంభోజి. కానీ ఈ పోలిక స్వరస్థానాల దగ్గరే ఆగిపోతుంది. మూడో మోడ్‌లో తోడి గాంధారపు కంపితం వేస్తే పాట చెడుతుంది. మొదటి మోడ్‌లోనూ పైకి వెళ్లినప్పుడు ఖరహరప్రియ ధైవతానికి బదులు తరచుగా శుద్ధ ధైవతం వస్తుంది. ‘రొరాతె చేలి’ ఎత్తుగడలో రే నుంచి లాకు ఎగిరి, ఆ మెత్తని సి ఫ్లాట్‌ను (సికి అర మెట్టు కింది స్వరం) తాకి దిగే చోటు నాకు ప్రాణం. ఆకాశమా, పై నుంచి మంచు కురిపించు అనే యెషయా ప్రవక్త మాట అది.

గమకం మానుకోవడం వేరు, స్వరం చచ్చిపోవడం వేరు. క్విలిస్మా అనే రంపపు పళ్ల గుర్తు ఉంది. పైకి ఎక్కే మూడు స్వరాల మధ్యలోదానికి వేస్తారు. దాన్ని తేలిగ్గా దాటిపోతూ పై స్వరం మీద వాలాలి. మా బృందంలో ఇది నాకే ముందు పట్టుబడింది. జారు మీద పనిచేసిన గొంతుకు ఆ తేలికదనం కొత్త కాదు.

ఉచ్చారణలో కూడా తెలుగువాడికి కలిసొచ్చేవి ఉన్నాయి. లాటిన్ అచ్చులు మన అ, ఎ, ఇ, ఒ, ఉలకు చాలా దగ్గర. ‘త’, ‘ద’లు దంత్యాలే, ట, డలు కావు. నా ప్రతిలో ప్రతి పాటకూ కింద పెన్సిలుతో తెలుగులో రాసుకుంటాను, ఒత్తి పలికే అక్షరానికి దీర్ఘం ఇస్తాను. జర్మన్ పద్ధతిలో ‘ట్సేలి’ అనేదాన్ని మేం రోమన్ పద్ధతిలో ‘చేలి’ అంటున్నాం. నిజానికి లాటిన్ మనకు పూర్తిగా కొత్త కాదు: 1962–65 నాటి కాథలిక్ చర్చి రెండో వాటికన్ మహాసభ వరకు మన తెలుగు కాథలిక్ చర్చిల్లోనూ పూజ లాటిన్‌లోనే సాగేది.

నవంబరు

నెలంతా ఒకే సమస్యతో పెనుగులాడాం: శ్రుతి దిగిపోవడం. వాయిద్యం లేకుండా పాడేటప్పుడు ఒకే స్వరం పదిసార్లు వరుసగా వస్తే ప్రతిసారీ ఒక వెంట్రుకవాసి కిందికి పోతుంది. మూడు ఉపాయాలు పనిచేశాయి. సాధనలో ఫోనులోని శ్రుతిపెట్టెను ముగింపు స్వరం మీద సన్నగా పెట్టడం, చరణం మధ్యలో ఆపి చివర మళ్లీ పెట్టి సరిచూడటం మొదటిది. తిరిగి వచ్చే స్వరాన్ని ప్రతిసారీ కొత్త అక్షరంగా, కొంచెం తేలికగా ఎత్తుకోవడం రెండోది. మి–ఫా, సి–దో అర్ధస్వరాలను బాగా ఇరుకుగా పాడటం మూడోది. పై స్వరం నుంచి దిగేటప్పుడు సి చాలా కిందికి జారితే మొత్తం పాట దాని వెంటే పోతుంది.

రాతప్రతులు చూడదలచినవారికి ఒక మాట. సెయింట్ గాలెన్ మఠ గ్రంథాలయపు 359వ ప్రతి సుమారు 920ల నాటిది, ఏకగాయకుడి కోసం రాసింది. దాని పుటలన్నీ ‘ఈ-కోడిసెస్’ అనే స్విస్ వెబ్‌సైటులో ఉచితంగా పెద్దవి చేసి చూడవచ్చు. ‘విదేరుంత్ ఓమ్నెస్’ మూల వరుస అందులో దొరుకుతుంది. ప్రవేశగీతాలకైతే ఐన్సీడెల్న్ 121 చూడాలి, 359లో వాటి మొదటి మాటలే ఉంటాయి. సొంతంగా స్వరలిపి అచ్చు తీసుకోవాలంటే ‘గ్రెగోరియో’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. మా పాటల పుస్తకం దానితోనే తయారుచేశాను.

డిసెంబరు

ఇక పెరోతాన్. 1198లో పారిస్ బిషప్ ఓద్ ద స్యుల్లీ జారీచేసిన ఉత్తర్వులో నాలుగు గొంతుల గానం ప్రస్తావన ఉంది. ఈ కూర్పు ఆ సందర్భానికే చెందిందని పండితులు భావిస్తారు. అప్పటికి అక్కడి నోత్రదామ్ చర్చి కట్టడం ఇంకా పూర్తికాలేదు.

కూర్పు తీరు ఇది. పాత గానంలో ఏకగాయకుడు పాడవలసిన మాటలను మాత్రమే నాలుగు గొంతులకు విస్తరిస్తారు. బృందం పాడే భాగం మామూలు ఏకస్వరంలోనే మిగులుతుంది. కింది గొంతు మూల వరుసలోని ఒక్కో స్వరాన్ని అంతులేకుండా పట్టుకుంటుంది. ‘వి’ అనే ఒక్క అక్షరమే మా గానంలో నిమిషం దాటింది. పై మూడు గొంతులు దాని మీద తిశ్రగతిలో, దీర్ఘం, హ్రస్వం, దీర్ఘం అంటూ ఆడుకుంటాయి. ఆ మూడింటి స్థాయి ఒకటే కాబట్టి ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి, పక్కవాడి వరుస మీకు, మీ వరుస పక్కవాడికి చేతులు మారుతుంది.

ముగ్గురు పైన, అయిదుగురు కింద. కిందివాళ్లకు ఊపిరి నియమాలు పెట్టుకున్నాం: పక్కవాడు తీసేటప్పుడు తీయకూడదు, గొంతులు పైన కలుసుకునే చోట ఎవరూ తీయకూడదు, మళ్లీ చేరేటప్పుడు మెల్లగా, అచ్చు మారకుండా చేరాలి. నేను కింది వరుసలో ఉన్నాను. తంబురా ఎప్పుడూ వెనకే ఉంటుందని అనుకునేవాణ్ని. ఇక్కడ మేమే తంబురా, మా ‘ఇ’ ఏమాత్రం వెడల్పైనా పైవాళ్ల పంచమం తేడా కొడుతుంది.

క్రిస్మస్ తర్వాతి ఆదివారం ఒక రాతి చర్చిలో పాడాం. సాధన గదిలో కార్పెట్ ఉంది, ఇక్కడ ప్రతి మాటా తిరిగి వస్తుంది. అందుకని మధ్యాహ్నమే వెళ్లి వేగాలు మార్చుకున్నాం. ఏకస్వర పాటల్లో వాక్యాల మధ్య విరామం పెంచాం, పెరోతాన్‌ను మాత్రం తగ్గించకుండా హల్లులు గట్టిగా పలికాం. వరుసగా కాకుండా అర్ధవలయంగా నిలబడ్డాం, ఒకరి నోరు ఒకరికి కనిపించేలా. ముగింపు స్వరాన్ని శ్రుతిపెట్టెతో సరిచూస్తే ‘ఆద్ తే లెవావి’ ఎక్కడ మొదలైందో అక్కడే ఉంది. నవంబరు శ్రమ దక్కింది.

జనవరి

ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలానికి పెరోతాన్ ఏకస్వర గీతం ‘బెయాత విశ్చెర’ తీసుకున్నాం. ఒకరు పాడతారు, ఇద్దరు శ్రుతి పట్టుకుంటారు, చరణానికొకరు మారతారు. మూడో చరణం నాది. మాట చదవడం వచ్చే వారం నుంచి మొదలు.