యూజీసీ నెట్ విజువల్ ఆర్ట్స్: సౌందర్యశాస్త్రం నాకు ప్రెస్సు దగ్గర అర్థమైంది

రోజూ బొమ్మలు వేస్తూ నెట్‌కు, అంటే అధ్యాపక అర్హత పరీక్షకు, చదువుతున్న మిత్రుల కోసం ఇది రాస్తున్నాను. నేను ఎచింగ్ చేస్తాను: లోహపు ప్లేటు మీద ఆమ్లంతో గీతలు తొలిచి, సిరా పట్టించి, ప్రెస్సులో కాగితం మీద అచ్చు తీయడం. మొదటిసారి సిద్ధాంతాలన్నీ నిర్వచనాలుగా బట్టీపట్టి వెళ్తే, జతపరచమన్న ప్రశ్నల దగ్గర పేర్లన్నీ కలగాపులగమయ్యాయి. రెండోసారి ప్రతి భావననూ నా పనిబల్ల మీదికి తెచ్చుకుని చదివాను. ఆసారి అర్హత వచ్చింది.

కళాకృతుల యాంత్రిక పునరుత్పత్తి, అంటే యంత్రాలతో ప్రతులు తీయడం, మీద జర్మన్ ఆలోచనాపరుడు వాల్టర్ బెంజమిన్ వ్యాసం 1936లో అచ్చయింది. ఫోటో నెగెటివ్ నుంచి ఎన్ని ప్రతులైనా తీయవచ్చు, వాటిలో అసలైనది ఏదని అడగడానికి అర్థం లేదంటాడు. ఆ మాట చదివిన రోజే నేను ఒక ప్లేటు నుంచి పది ప్రింట్లు తీసి, అడుగున పెన్సిల్‌తో 1/10, 2/10 అని వేస్తున్నాను. పదోది అయ్యాక, ఇక ఎవరూ తీయకుండా ప్లేటు మీద అడ్డంగా గీత గీశాను. అప్పుడు చెయ్యి ఆగింది. యంత్రం వల్ల వాడిపోతుందని ఆయన చెప్పిన ‘ఆరా’ను, అంటే ఒకే ఒక్క అసలు కళాకృతికి ఉండే ప్రత్యేకతను, ఆ ఒక్క గీతతో నేనే తిరిగి నిలబెడుతున్నాను కదా! ఆ తర్వాత ఆ వ్యాసం మీద ఏ ప్రశ్న వచ్చినా తడబడలేదు.

రసాల రంగులు మాత్రం చిత్రకారులనే ఎక్కువ మోసం చేస్తాయి. శృంగారం అనగానే మన చెయ్యి ఎరుపు వైపు పోతుంది. నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పింది శ్యామవర్ణం. ఎరుపు రౌద్రానిది, పావురం రంగు కరుణానిది. ఆయన చెప్పిన ఎనిమిది రసాల రంగులూ నీటిరంగులతో కాగితం మీద పూసి, పేర్లు రాసి గోడకు అంటించాను. తొమ్మిదవదిగా శాంతాన్ని వాదించి నిలబెట్టినవాడు నాట్యశాస్త్ర వ్యాఖ్యాత అభినవగుప్తుడని కింద రాసుకున్నాను. చిత్రకళకు ఆరు అంగాలను చెప్పే షడంగాల శ్లోకం కూడా జాగ్రత్త: అది కామసూత్రాలకు యశోధరుడు రాసిన వ్యాఖ్యలోది, వాత్స్యాయనుడి మూలంలోది కాదు.

రెండో పేపరులో 100 ప్రశ్నలు, 200 మార్కులు. తప్పు జవాబుకు కోత లేదు కాబట్టి ఏదీ వదలకండి.

జర్మన్ తత్వవేత్త కాంట్ అన్నిటికన్నా ఎక్కువ కష్టపెట్టాడు. అందం ఇచ్చేది ప్రయోజనాపేక్ష లేని ఆనందమని ఆయన అంటే, అమ్మకానికి బొమ్మలు వేసేవాళ్లం మనం ఏమైనట్టు? చాలా రోజులకు తెలిసింది: 1790 నాటి ‘క్రిటిక్ ఆఫ్ జడ్జ్‌మెంట్’ గ్రంథంలో ఆయన అక్కడ మాట్లాడుతున్నది చూసేవాడి తీర్పు గురించి. తడి ప్రింటును ఎత్తి పట్టుకుని గీతల్లో లోపాలు వెతికేటప్పుడు నేను చూసే చూపు అది కాదు.